సుగరనేది ఇంటిపేరు

మొన్న పాడేరులో బస్టాండు పక్కన షామియానా వేసి సుగరు పరీక్షలు చేస్తున్నారు. బస్సుకి ఇంకా గంట ఉంది కదా అని నేనూ వెళ్లి వరసలో నిలబడ్డాను. మైకు పట్టుకున్న కుర్రాడు, "షుగరు ఎందుకొస్తుంది? తిండి ఎక్కువై, కష్టం తక్కువై వస్తుంది. అన్నం తగ్గించండి, రోజూ నడవండి" అని గొంతు చించుకుంటున్నాడు. నా ముందున్న ఆడమనిషికి ముప్పై ఏళ్లుండవు. జబ్బల ఎముకలు రవికలోంచి పొడుచుకొస్తున్నాయి. ఏ కొండ మీద నుంచో తెల్లారకముందే బయల్దేరి నడిచి వచ్చింది. వేలి మీద చుక్క తీసి, మిషను చూసి, ఆమె చేతిలోనూ అదే చీటీ పెట్టారు. అన్నం తగ్గించు, నడువు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఈవిడ ఇంకేం తగ్గించాలయ్యా? ఇంకెంత దూరం నడవాలి?" అని అడిగాను. "తాతగారూ, లైన్లో రండి" అన్నాడు. లైను వదిలేశాను. ఆమెను వెంటబెట్టుకొని ఆస్పత్రికి పోయి, పెద్ద డాక్టరు బయటికి వచ్చేదాకా గుమ్మంలో కూర్చుని చూపించాను. బస్సు పోయింది. పోతే పోయింది. ఆ గొడవంతా జరుగుతున్నంతసేపూ నా చెవిలో ఒకే ఒక గొంతు. ఎప్పుడో డెబ్బయ్యో దశకంలో విన్న గొంతు.

"సుగరనేది ఇంటిపేరయ్యా. ఇంటిపేరు ఒకటైతే మనుషులు ఒకటైపోతారేటి?"

ఆ మనిషి పేరు రాయను. పేర్లు రాయించుకునేవాళ్లంటే ఆయనకు గిట్టేది కాదు. కొండవాళ్లు ఆయన్ని 'రంగుల బాబు' అనేవారు. నేను మాస్టారూ అనేవాణ్ణి. ఆయన నన్ను నా పేరుతో ఒక్కనాడూ పిలవలేదు. "ఏమయ్యా మలేరియా!" అనేవాడు.

నేను అప్పుడు మలేరియా వర్కర్ని. పదిహేను రోజులకోసారి ఊరూరూ తిరగాలి. జ్వరమన్నవాళ్ల వేలు పొడిచి గాజుపలక మీద చుక్క తీయాలి, తలుపు పక్క గోడ మీద తేదీ వేయాలి. వారానికోసారి ఆ పలకలన్నీ లోయలో ఉన్న ఆస్పత్రికి చేర్చాలి. అక్కడ సామాన్ల గది సగానికి అడ్డుగోడ కట్టి ల్యాబు అన్నారు. అందులో కిటికీ పక్కన మైక్రోస్కోపు, దాని మీద వంగి ఈయన. పార్వతీపురం వైపు మనిషి. పొట్టిగా ఉండేవాడు. చొక్కా మోచేతుల దగ్గర మందుల మరకలు. నా పలకలు ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి, "ఇది రక్తం సుక్కా, పులుసేటి? పల్చగా రాయమన్నానా, అలికెయ్యమన్నానా?" అని తిట్టకుండా ఏ వారమూ వదల్లేదు. నా చదువు అయిదో తరగతి. మిగిలిందంతా దొరికిన కాగితమల్లా చదివి నేర్చుకున్నాను. అందులో సగం ఈయన తిట్లలోంచే నేర్చుకున్నాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. నీలం మందు గొట్టంలో పోసి, అందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిటు దీపం మీద ఊపుతూ కాచేవాడు. తీపి లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చ, ఇంకా ఉంటే పసుపు, తర్వాత నారింజ, ఆ పైన ఇటుక ఎరుపు. ఏ ఆస్పత్రిలోనైనా ఇంతవరకే. ఈయన మాత్రం ఆ గొట్టం తీసుకొని బయట అరుగు మీదికి వచ్చి, ఎవరిదో వాళ్లకు చూపించేవాడు. చదువు రానివాళ్లకైనా సరే, వాళ్ల భాష తనకు రాకపోయినా సరే. "నీ ఒంట్లోంచి వచ్చింది. నీకు సూపించకుండా ఎవరికి సూపిస్తాను?" అనేవాడు. అందుకే రంగుల బాబు.

సంతరోజున సాహుకారు వచ్చేవాడు. మనిషి గుమ్మంలో పట్టేవాడు కాదు. సీసా జేబురుమాల్లో చుట్టి, ఎవరూ చూడకుండా బల్ల మీద పెట్టేవాడు.

"నారింజ" అనేవాడు మాస్టారు గొట్టం ఎత్తి.

"పోయినవారం పసుపే కదా మాస్టారూ!"

"పోయినవారం మీ ఇంట్లో పెళ్లి నేదు."

"ఒకే ఒక్క లడ్డూ. అదీ సగం."

"ఆ సగమే ఇదిగో, నా గొట్టంలో పడ్డాది. సూసుకోండి."

సాహుకారు నవ్వుకుంటూ మాత్రలు తీసుకొని పోయేవాడు. ఆయన పోయాక ఒకరోజు నేను, "అయితే సుగరు కలిగినవాళ్ల జబ్బన్నమాట" అన్నాను. అప్పుడే ఆ ఇంటిపేరు మాట అన్నాడు. అని, బల్ల మీద సుద్దతో ఒక గుండ్రటి ఇల్లు గీశాడు.

"తిన్న తీపి రక్తంలో తిరుగుతాది. కండలోకి ఎల్లాలంటే తలుపు తియ్యాలి. ఆ తలుపు తీసేవోడు కడుపులో ఒక గ్రంథిలో పుడతాడు. ఆణ్ణే ఇన్సులిన్ అంటారు. సాహుకారికి ఆడున్నాడు. తలుపే తుప్పట్టిపోనాది. తిండి తగ్గించి, ఒళ్లు వంచి, మాత్ర ఏసుకుంటే కిర్రుమని కొంత తెరుసుకుంటాది. మరో రకం ఉంది. తలుపు బాగానే ఉంటాది, తీసేవోడే సచ్చిపోతాడు. గుమ్మం ముందు బస్తాలు బస్తాలు గింజలు, లోపల ఆకలి. అది సిన్నపిల్లలకి వస్తాది. బేగి వస్తాది, బేగి సంపుతాది. దానికి మాత్రలు ఎందుకూ పనికిరావు, సూదే. కడుపుతో ఉన్నప్పుడొచ్చి పురుడయ్యాక పోయేది ఇంకోటి. ఏళ్ల తరబడి తిండి నేక, కడుపునొప్పితో ఎండిపోయినోళ్లకి వచ్చేది మరోటి. దాని సంగతి పుస్తకాల్లో సరిగ్గా రాసినోడే నేడు."

"ఎందుకు రాయలేదు?"

"ఎండిపోయినోడు పుస్తకాలు కొంటాడేటి?"

ఆ వానాకాలం ముందే గెడ్డవాగు అవతల ఊళ్లో ఒక ఆడగుంట చిక్కి ఎండిపోవడం మొదలుపెట్టింది. పన్నెండేళ్ల పిల్ల. తండ్రి లేడు, తల్లీ తనూ. నేను ఊళ్లోకి రాగానే నా సంచి లాక్కొని గాజుపలకలు లెక్కపెట్టే పిల్ల, ఆ నెల గుమ్మంలోంచి లేవలేదు. తల్లి 'జ్వరం' అంది. చుక్క తీశాను. పదిహేను రోజులకి మళ్లీ తీశాను.

"దీన్లో పురుగు నేదు. దాన్లోనూ నేదు" అన్నాడు మాస్టారు మైక్రోస్కోపు మీంచి కన్ను తీయకుండా. "గుంట ఎలాగుంది?"

"సగమైపోయింది. నీళ్లు మాత్రం కుండలు కుండలు తాగుతోంది."

ఆయన తల ఎత్తాడు. "రాత్రి ఎన్నిసార్లు లేస్తాది?"

"ఆరేడుసార్లని తల్లి అంటోంది."

"ఇన్నాళ్లూ సెప్పనేదేటి?"

"మీరు జ్వరం సంగతే కదా అడిగారు."

"నేనడగనేదు, నువ్వు సెప్పనేదు. ఇద్దరం కలిసి ఆ గుంటని సంపేత్తన్నాం. కూకున్నావేటి? ఎల్లు. బేగి ఎల్లు."

మాత్రలు అయిపోయిన సీసా కడిగి, తొమ్మిది మైళ్లు ఎక్కి, మర్నాడు పట్టుకొచ్చాను. దీపం మీద పెట్టిన నిమిషానికే నీలం పోయింది. ఆకుపచ్చలోనూ పసుపులోనూ ఆగలేదు. కళ్లముందే ఇటుకై కూర్చుంది. ఆయన ఆ గొట్టం పట్టుకొని తిన్నగా డాక్టరు గదిలోకి పోయాడు. నేను వెనకాలే గుమ్మంలో నిలబడ్డాను.

డాక్టరు కుర్రవాడు. కిందనుంచి వచ్చి ఆరు నెలలు కాలేదు. నవ్వాడు. "చోడి అంబలి తాగే పిల్లకి డయాబెటీసా? సీసాలో ఏదో కలిసుంటుంది."

"సీసా నేను కడిగించానండి. అది సాహుకారు రకం కాదండి. సిన్నపిల్లల రకం. సూది పడాలి."

"సాహుకారికి పనిచేసిన మాత్ర ఈ పిల్లకెందుకు పనిచేయదు? సగం చేసి ఇస్తాను. ఆ అంబలీ అదీ తగ్గించమను."

"తగ్గిస్తే సచ్చిపోతాదండి."

"చూడు. నువ్వు రంగు చెప్పు. మందు నేను చెబుతాను."

ఆ డాక్టరు చెడ్డవాడని నేననను. కొండవాళ్లంటే జ్వరం, గజ్జి, విరేచనాలు అని ఎవరో ఆయన బుర్రలో పోసి పంపారు. అంతకు మించిన జబ్బు రావడానికి కూడా కొండవాళ్లకు అర్హత లేదు! కానీ ఆ మాత్రలు మోసుకుపోయి ఇచ్చింది నేను. 'తిండి తగ్గించు' అని ఆ తల్లికి ఆమె భాషలో చెప్పింది నేను. మాస్టారు వద్దని నా చెయ్యి పట్టుకోలేదు. కాగితం మీద డాక్టరు సంతకం ఉంది కదా. పది రోజులు. ఆ పది రోజులకి ఈ వయసులో కూడా నన్ను నేను క్షమించుకోలేదు.

పదకొండో రోజున డోలీలో దింపుకొచ్చారు. పిల్ల నాలుక చెక్కలా ఉంది. ఊపిరి పొడుగ్గా, బావిలోంచి తోడుతున్నట్టు తీస్తోంది. మాస్టారు వంగి ఆమె నోటి దగ్గర వాసన చూశాడు. నన్నూ చూడమన్నాడు. మగ్గిన అనాసపండు వాసన. ఏమీ తినని పిల్ల నోట్లో పండు వాసన.

"తలుపు తెరుసుకోక ఒళ్లు తన కొవ్వు తనే కాల్సుకుంటంది. ఆ పొగ ఇది" అన్నాడు. డాక్టరు ఏదో క్యాంపుకి పోయి ఉన్నాడు. మాస్టారు ల్యాబుకి తాళం వేసి, తాళంచెవి డాక్టరు బల్ల మీద పెట్టి, సెలవు చీటీ కూడా రాయకుండా మాతో కిరండోలు పాసింజరెక్కాడు.

ఆ రైలు దారిలో సొరంగాలెన్నో ఎక్కినవాళ్లకు తెలుసు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె చీకటైపోతుంది. చీకటైనప్పుడల్లా ఆయన పిల్ల ముక్కు దగ్గర చెయ్యి పెట్టేవాడు. వెలుతురు రాగానే తల్లి ఆయన మొహంలోకి చూసేది. ఆయన తల ఊపేవాడు. మళ్లీ సొరంగం. కొండ దిగేదాకా ఇదే.

పట్నంలో పెద్దాసుపత్రివాళ్లు పిల్లని నిలబెట్టారు. సెలైను పెట్టారు, సూది వేశారు. మూడోనాటికి కళ్లు తెరిచింది. మూడు వారాలుంచుకొని, ఇక బతికినన్నాళ్లూ రోజూ సూది పొడుచుకోవాలని చెప్పి పంపారు. ఆ చెప్పిందంతా తల్లికి ఆదివాసీ ఒడియాలో తిరగేసి చెప్పవలసినవాణ్ణి నేనే. ఇక్కడ జరిగింది చెప్పాలి. సూది మానకూడదు, ఏ రోజూ మానకూడదు, మానితే మళ్లీ అనాస వాసనే అని మూడుసార్లు చెప్పాను. తల్లి చేత మట్టి ముట్టి ఒట్టు వేయించాను. సూది వేసిన అరగంటలో తినాలి అన్న మాట ఒక్కసారే అన్నాను. పొద్దున్నే అంబలి తాగని కొండమనిషి ఎక్కడున్నాడు, అది వేరే చెప్పాలా అనుకున్నాను.

తిరిగి వచ్చాక మాస్టారికి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. దాన్ని ఆయన మడిచి బల్ల కాలి కింద పెట్టుకున్నాడు, దీపం ఊగకుండా. చేయాల్సినవి మాత్రం చేశాడు. ఆ ఊళ్లో కరెంటు లేదు, ఐసు పెట్టె అంతకన్నా లేదు. పెద్ద కుండలో ఇసుక పోయించి, ఇసుకలో ముంత దించి, ముంతలో మందుసీసా పెట్టి, పైన తడిగుడ్డ కప్పించాడు. గాజు సిరంజి మీద అంకెలు తల్లి చదవలేదు కనక, ఎంతవరకు లాగాలో అక్కడ ఎర్రదారం కట్టి లక్క పెట్టాడు. పొడవడం పచ్చి బొప్పాయి మీద నేర్పాడు. మొదటిరోజు ఆమె సూది పట్టుకుని ఆగిపోతే, "బొప్పాయి ఏడవదమ్మా, పొడు" అన్నాడు. ఇంట్లో బెల్లం, తేనె ఏదీ ఉండకూడదన్నాడు. ఆ గుంట చెట్టు మీద తేనెపట్టు కనిపించినా వదిలే రకం కాదు. "తింటే నాకు తెలిసిపోతాది. నీ రంగు నా దగ్గరుంటాది" అని వేలు చూపించి భయపెట్టాడు. ఆమె నాలుక చాపి వెక్కిరించింది.

ప్రతి వారం ఆమె సీసా నేను తెచ్చేవాణ్ణి. ఆకుపచ్చ, నీలం, ఆకుపచ్చ. పిల్లకి బుగ్గలు వచ్చాయి.

భాద్రపదంలో కొర్రకొత్త పండగ వచ్చింది. కొత్తగా కోసిన కొర్రలు దేవతకు పెట్టకుండా ఆ కొండల్లో ఎవరూ నోట వేసుకోరు. ఆ ఊళ్లో కట్టు ఇంకా గట్టిది. ఆ రోజు తెల్లవారింది మొదలు దిసారి, అంటే వాళ్ల పూజారి, నైవేద్యం పెట్టేదాకా ఊళ్లో పొయ్యి వెలగదు. "కొత్తకి రా బాబూ" అని ఆ గుంటే మాస్టారికి కబురు చేసింది. కొండెక్కడమంటే ఆయనకు ప్రాణం మీదికొచ్చేది. జలగలంటే చచ్చే భయం. ఉప్పు మూట కర్రకు కట్టుకొని, అడుగడుక్కీ కాలికి అద్దుకుంటూ, నన్నూ వానదేవుణ్ణీ కలిపి తిడుతూ నడిచాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఊళ్లో అడుగుపెట్టాం.

డప్పులు మోగడం లేదు. ఊరంతా ఆ ఇంటి ముందు గుమిగూడి ఉంది. పిల్ల నేల మీద పడి ఉంది. పళ్లు గిట్టకరుచుకుపోయాయి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. పొద్దుటి నుంచి తోటి పిల్లలతో థింసా ఆడిందట. ఉన్నట్టుండి తల్లిని బూతులు తిట్టిందట, పిచ్చినవ్వు నవ్విందట, పడిపోయిందట. గాలి సోకిందని ముసలమ్మలు పసుపు తెస్తున్నారు. తల్లి నన్ను చూసి కేక పెట్టింది. నాకు కనబడిందల్లా రైలు పెట్టెలో పడుకున్న పిల్ల. సుగరు పెరిగిపోయింది, ఇంకేముంది! ఇసుక కుండ దగ్గరికి పరిగెత్తాను. సీసా తీశాను. సిరంజిలోకి ఎర్రదారం దాకా మందు లాగాను. జబ్బ పట్టుకొని గుడ్డ తప్పించాను.

ఆయన కర్రతో నా మణికట్టు మీద కొట్టాడు. సిరంజి రాయి మీద పడి పగిలింది.

"సెమట! ఒళ్లంతా సెమట సూడ్రా ఎదవా!" నన్ను ఆయన అలా పిలవడం అదే మొదలు, అదే ఆఖరు. మోకాళ్ల మీద కూలబడి పిల్ల నోటి దగ్గర వాసన చూశాడు. "వాసన నేదు. పెరిగితే నాలుక ఎండుతాది, ఒళ్లు ఎండుతాది. ఇది తడిసి ముద్దయిపోనాది. ఇది పెరగడం కాదు, పడిపోడం. అమ్మని అడుగు. సూది ఏసిందా?"

అడిగాను. "ఏసినాను, పొద్దు పొడవకముందే. ఒట్టు పెట్టినాను కదా" అంది తల్లి.

"తిన్నాదా?"

అది నేను అడగక్కర్లేదు. తల్లికి ఆ తెలుగు ముక్క తెలుసు. అర్థంకానట్టు చూసింది. "ఈరోజు కొత్త కదా బాబూ" అంది.

ఒట్టు నిలబెట్టుకుంది. ఊరి కట్టూ నిలబెట్టుకుంది. రెండింట్లో ఒక్కటి తప్పినా పిల్ల ఆడుకుంటూ ఉండేది. మాట తప్పడం అలవాటైన మాబోటివాళ్ల ఇంట్లో ఈ ప్రమాదం జరగదు.

"తీపి కావాలి. బెల్లం, తేనె, ఏదో ఒకటి. బేగి!"

ఆ ఇంట్లో లేదు. ఆయనే ఉండనివ్వలేదు. మిగతా ఇళ్లలో ఉన్నదంతా ఆ ఉదయమే నైవేద్యానికి పోగుచేశారు. ఊరి చివర రాళ్ల మధ్య దేవత. ముందు అడ్డాకు దొప్పలో బెల్లం. దాని పక్కన చేతికర్రతో దిసారి. ఆయన ఎనభై ఏళ్ల మనిషి. మాస్టారు పరిగెత్తాడు. అంత పొట్టివాడు అంత పరుగు ఎలా తీశాడో! బెల్లం మీద చెయ్యి వేయబోయేసరికి ముసలాయన కర్ర అడ్డం పెట్టాడు. వెనకాలే వచ్చిన మగవాళ్లు చుట్టూ నిలబడ్డారు. వాళ్ల చేతుల్లో కత్తులున్నాయి, కోడిని కోయడానికి తెచ్చుకున్నవి. కానీ కత్తులు కత్తులే.

"సెప్పవయ్యా" అన్నాడు మాస్టారు నాతో, రొప్పుతూ. "ఉన్నదున్నట్టు సెప్పు. ఒక్క మాట తగ్గించకు. అది దెయ్యం కాదు. మా మందు ఆ గుంట ఒంట్లో తీపంతా తినేసింది. మందుకి తోడు తిండి ఉండాలి, అది మీకు మేము సరిగ్గా సెప్పనేదు. తప్పు మాది. ఈ బెల్లం పడకపోతే గుంట సచ్చిపోతాది. తప్పు ఏస్తే నా మీద ఎయ్యమను."

చెప్పాను. తప్పు ఎవరిదన్న చోట 'మాది' అనకుండా 'నాది' అన్నాను. అదొక్కటే మార్చాను.

దిసారి నన్ను చూడలేదు. మాస్టారి కాళ్లకేసి చూశాడు. పిక్కల మీద మూడు జలగలు, రక్తం చెప్పుల్లోకి కారుతోంది. వాటిని ఆయన అప్పటికి గమనించనే లేదు.

"ఇది పెడితే లేస్తాదా?" అన్నాడు దిసారి.

"లేస్తాదనే అనుకుంటన్నాను" అన్నాడు మాస్టారు. లేస్తాదని అనలేదు. ఆ సమయంలో కూడా అబద్ధం ఆడలేదు.

దిసారి కర్ర దించలేదు, ఇస్తాననలేదు. మెల్లిగా వెనక్కి తిరిగాడు. మాకూ బెల్లానికీ వీపు పెట్టి, దేవతకు మొహం పెట్టి, ఏదో గొణుక్కోవడం మొదలుపెట్టాడు. ఆయన తిరగడం చూసి చుట్టూ ఉన్న మగవాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు వెనక్కి తిరిగారు. ఎవరూ చూడలేదు. మాస్టారు బెల్లం తీసుకున్నాడు.

పిల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చాక, నేను నీళ్లలో కలిపి పోద్దామన్నాను. "తెలివి నేనోళ్లకి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాది" అని, బెల్లం అరచేతిలో తడిచేసి మెత్తగా పిసికి, బుగ్గ లోపల చిగుళ్లకు వేలితో రాయడం మొదలుపెట్టాడు. పిల్ల పళ్లు బిగిస్తే వేలు తెగింది. ఆ వేలితోనే రాశాడు. ఒక బీడీ కాలేంతసేపు అలాగే కూర్చున్నాం. తల్లి ఏడవలేదు. ఎర్రదారం ఉన్న గాజుముక్క ఏరి గుప్పిట్లో పట్టుకుని చూస్తోంది. కొట్టుకుంటున్న కాళ్లు ఆగాయి. ఆగడం మంచికో చెడ్డకో నాకు తెలియలేదు. ఆయన మొహం చూస్తే ఆయనకూ తెలియలేదు.

పిల్ల గుటక వేసింది. ఇంకోటి వేసింది. కళ్లు తెరిచి ఆయన్ని చూసి, నోట్లో రుచి గుర్తుపట్టి, "బెల్లం తినొద్దన్నావు కదా!" అంది.

ఊరంతా ఒక్కసారి నవ్వింది. ఆయన నవ్వలేదు. ఇంటి వెనక్కి పోయి వాంతి చేసుకున్నాడు.

ఆ గుంట తర్వాత చాలా ఏళ్లు బతికింది. పెళ్లి చేసుకుంది, గర్భం వచ్చింది, ఒక బిడ్డను బతికించుకుంది. మందు దొరకని వానాకాలాలు వచ్చాయి. వాటి సంగతి రాయాలంటే ఇంకో కోపం కావాలి. మాస్టారికి ఏడాది తిరక్కుండానే రంపచోడవరం వైపు బదిలీ అయింది. తర్వాత ఆయన ఏమయ్యాడో నాకు తెలియదు.

ఆ రోజు కొత్త జరగలేదు. ముట్టిన నైవేద్యం దేవతకు పనికిరాదు. మళ్లీ మంచిరోజుకి ఎనిమిది రోజులాగాలని దిసారి చెప్పాడు. ఎనిమిది రోజులు ఆ ఊరు కళ్లముందున్న కొత్త కొర్రలు ముట్టకుండా దుంపలు తవ్వుకు తిన్నది. ఆ పిల్లని గానీ మమ్మల్ని గానీ ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఎనిమిదో రోజుకి మాస్టారు మళ్లీ కొండెక్కాడు. పిలవకుండానే వచ్చాడు. కింద సంతలో కొన్న బెల్లం అచ్చు చంకలో పెట్టుకొచ్చి దిసారి ముందు పెట్టాడు. పొద్దుటి నుంచి తానూ ఏమీ తినలేదు.

అందరూ రాళ్ల దగ్గర నిలబడ్డారు. ఆకలి మొహాలు, చంకల్లో ఏడుస్తున్న బిడ్డలు. దిసారి దొప్ప చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని ఆగాడు. ఇళ్ల వైపు తిరిగి గట్టిగా అడిగాడు.

"సూది గుంట తిన్నాదా?"

ఆ ఒక్క ఇంట్లో మాత్రం పొయ్యి వెలిగింది. పాత కొర్రలతో జావ కాచారు. వెలిగించమని ఆయనే చెప్పాడట. ఆ సంగతి మాకు తెలియదు. నోటి నిండా జావతో లోపల్నుంచి పిల్ల అరిచింది: "తింటన్నాను!"

దిసారి దొప్ప కింద పెట్టేశాడు. ఊరు ఊరంతా ఆ పిల్ల జావ తాగడం అయ్యేదాకా నిలబడింది. మాస్టారు జేబులోంచి వాచీ తీసి, చూడకుండానే మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

"నెమ్మదిగా తాగమను దాన్ని" అన్నాడు నాతో. "ఇక్కడ ఎవలికీ తొందర నేదని సెప్పు."